పాత కారు సస్పెన్షన్ బుష్‌లు ఇంట్లోనే తీయడం: ఆర్మ్ వంగకుండా, చెయ్యి నలగకుండా

"బుష్ కదలడం లేదండీ, సుత్తితో కొట్టి కొట్టి భుజం పోయింది." పాత కార్లు బాగుచేసుకునే మిత్రులు పదే పదే చెప్పే మాట ఇది. చక్రాన్ని బండి చట్రానికి (చాసిస్‌కి) పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఆర్మ్; అది ఊగే చోట రంధ్రంలో కూర్చునే, ఎక్కువగా రబ్బరుతో చేసిన మెత్తే బుష్. నేను తిరిగి అడిగేవి రెండే ప్రశ్నలు. బుష్‌ని ఎక్కడ పట్టి నొక్కుతున్నారు? ఆర్మ్‌ని దేనిమీద ఆనించారు? మొదటిదానికి ఏదో ఒక జవాబు వస్తుంది. రెండోదానికి చాలాసార్లు మౌనమే. ఈ రెండూ కుదిరితే మొండి బుష్ కూడా పానా తిప్పుతుంటే బయటికొస్తుంది.

మొదటిసారి చేసేవాళ్లకు ఒక వైపు ఆర్మ్‌లకే రోజంతా పట్టొచ్చు. మర్నాడు ఆ కారులోనే ప్రయాణం ఉంటే ఇవాళ మొదలుపెట్టకండి. తొందర ఉన్నప్పుడే సుత్తి చేతిలోకి వస్తుంది.

## 1. పోయింది బుష్షేనా?

గతుకుల్లో కింద నుంచి టక్ టక్ మని చప్పుడు, బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకు లాగడం, టైరు ఒక అంచున ఎక్కువగా అరగడం బుష్ అరిగిన గుర్తులు. కాకపోతే బాల్ జాయింట్ (ఆర్మ్ కొసన చక్రం వైపు ఉండే గుండ్రటి కీలు) పోయినా ఇవే గుర్తులు కనిపిస్తాయి. అందుకని కంటితో చూసి, చేత్తో కదిపి తేల్చుకోవాలి.

ఆర్మ్‌కీ చాసిస్‌కీ మధ్య గునపం లాంటి పొడవాటి బార్ పెట్టి మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు కొంచెం సాగడం మామూలే. లోపలి గొట్టం రబ్బరు నుంచి విడిపోయి కదులుతున్నా, రంధ్రం మధ్యలో ఉండాల్సింది ఒక పక్కకు జారిపోయినా బుష్ మార్చాల్సిందే. ఇంజిన్ ఆయిల్ కారి తడిసిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, అదీ పోయినట్టే. పైపైన సన్నని పగుళ్లు మాత్రమే ఉంటే కంగారు అక్కర్లేదు.

## 2. అది ఏ రకం బుష్?

పాత కార్లలో దీన్ని చూడకుండా పని మొదలుపెట్టి ఆర్మ్‌లు పాడుచేసుకున్నవాళ్లు ఉన్నారు.

ఇనుప తొడుగున్న రబ్బరు బుష్. బయట ఇనుప తొడుగు, లోపల ఇనుప గొట్టం, మధ్యలో రెంటికీ అతుక్కున్న రబ్బరు. ఎక్కువగా కనిపించేది ఇదే, మొండికేసేదీ ఇదే. తొడుగు ఆర్మ్ రంధ్రంలో బిగువుగా కూర్చుని, ఏళ్ల తుప్పుతో దాన్ని పట్టేసి ఉంటుంది.

తొడుగు లేని రబ్బరు బుష్. లీఫ్ స్ప్రింగ్ షాకిల్ (పట్టీల స్ప్రింగ్ కొసను చాసిస్‌కి పట్టే లంకె) దగ్గర, యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) దగ్గర ఉంటుంది. తరచు రెండు ముక్కలుగా, రెండు పక్కల నుంచి దూర్చి ఉంటుంది. కత్తితో అంచు కోసి, స్క్రూడ్రైవర్‌తో లాగితే వచ్చేస్తుంది.

మరలున్న ఇనుప బుష్. కొన్ని పాత మోడళ్లలో ఆర్మ్ దగ్గర గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) కనిపిస్తుంది. అక్కడ ఆగండి. వాటిలో కొన్ని మర తిప్పితే వచ్చే రకాలు. నొక్కి తోస్తే ఆర్మ్‌లోని మరలు చెడతాయి. బయట పానా పట్టే ఆరు పలకల తల ఉందేమో చూడండి, మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లోని బొమ్మ కూడా చూడండి.

పాత యజమాని ఎప్పుడో పాలీయూరిథేన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థం) బుష్‌లు వేయించి ఉండొచ్చు. అవి రంగులో, గట్టిదనంలో తేడాగా ఉంటాయి, లోపలి గొట్టం తోసేస్తే సులువుగా వస్తాయి. వాటిలో కొన్ని కిట్లు పాత ఇనుప తొడుగును ఆర్మ్‌లోనే ఉంచమంటాయి. మీరు కొన్న కొత్త కిట్ కూడా ఆ రకమో కాదో కాగితం చదివాకే తొడుగు కోయండి.

## 3. దగ్గర పెట్టుకోవాల్సినవి

- జాకీ, రెండు గట్టి స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెలు
- కళ్లద్దాలు, గ్లౌజులు
- తుప్పు వదిలించే ఆయిల్, వైర్ బ్రష్
- సాకెట్ సెట్, పొడవు పిడి, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించారో చూపే పానా)
- బాల్ జాయింట్ విడదీసే పుల్లర్
- స్ప్రింగ్ కంప్రెసర్ (కాయిల్ స్ప్రింగ్ ఉంటే)
- మరల రాడ్, దానికి సరిపడే నట్లు, మందపాటి వాషర్లు, ఒక చిన్న థ్రస్ట్ బేరింగ్ (నొక్కుడు బలం మోస్తూ తిరిగే బేరింగ్)
- రకరకాల సైజుల్లో పాత సాకెట్లు, ఇనుప గొట్టం ముక్కలు
- బెంచ్ వైస్, హ్యాక్సా, డ్రిల్, సన్నని ఉలి
- కాలిపర్ (వ్యాసం కొలిచే పరికరం), మార్కర్, మూతలున్న చిన్న డబ్బాలు

మరల రాడ్ దగ్గర పిసినారితనం వద్దు. మామూలు మెత్తని రాడ్ బుష్ కదిలేలోపే సాగిపోతుంది, మరలు చెడి నట్టు అక్కడే ఇరుక్కుంటుంది. 8.8 లేదా 10.9 గ్రేడ్‌ది (ఇవి ఇనుము బలం చెప్పే అంకెలు) తీసుకోండి. బుష్ లోపలి గొట్టంలో పట్టేంతలో ఎంత లావు దొరికితే అంత లావుది మంచిది.

బ్రిటిష్ పాత కారైతే సాకెట్లు అంగుళాల్లో ఉండాలి. 11/16 అంగుళం తలకు 17 మిల్లీమీటర్ల సాకెట్ ఎక్కదు, 18ది ఎక్కి జారుతుంది. తుప్పు పట్టిన బోల్టు తల ఒకసారి గుండ్రబడిందంటే ఆ రోజు పని అక్కడితో సరి.

## 4. ముందు రోజు సాయంత్రం

బోల్టుల మరలు వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టండి. పడుకునే ముందు ఒకసారి, పొద్దున మరోసారి. ఈ ఆయిల్‌కి కావాల్సింది మోతాదు కన్నా సమయం.

కారు నాలుగు చక్రాల మీద సమంగా నిలబడి ఉండగానే చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. నాలుగు చక్రాలకూ. ఈ అంకె 11వ మెట్టులో కావాలి, అప్పుడు కొలుద్దామంటే కుదరదు.

ఇంకా ఇవి:

- ప్రతి బోల్టు ఏ పక్క నుంచి దూరిందో ఫొటో
- బోల్టు కింద గుండ్రటి క్యామ్ వాషర్ (తిప్పితే ఆర్మ్ స్థానం జరిపేది) ఉంటే అది ఏ కోణంలో ఉందో మార్కర్‌తో గీత
- పై ఆర్మ్ ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య పలచని రేకు షిమ్‌లు ఉంటే ఎక్కడ ఎన్ని ఉన్నాయో లెక్క
- బుష్ ఆర్మ్‌లో ఎంత లోపలికి కూర్చుంది, ఏ పక్క ఎంత పొడుచుకొచ్చింది

షిమ్‌లను ఎక్కడివక్కడ విడి డబ్బాల్లో వేసి "ఎడమ ముందు", "ఎడమ వెనక" అని రాసిపెట్టండి. అవి కలిసిపోతే చక్రాల వాలు మొత్తం మారిపోతుంది.

## 5. కారు ఎత్తడం, స్ప్రింగ్ బలం దించడం

ప్రాణాపాయం ఉన్న మెట్టు ఇదొక్కటే, కాబట్టి రెండుసార్లు చదవండి.

గట్టి చదును నేల మీద, నేలమీదుండే చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టి, చక్రాల నట్లు కొంచెం వదులు చేశాకే ఎత్తండి. స్టాండ్లు చాసిస్ కింద, తుప్పు తినని చోట పెట్టాలి. తీయబోయే ఆర్మ్ కింద పెట్టకూడదు. పెట్టాక బండిని చేత్తో గట్టిగా ఊపండి. కదిలితే దించి మళ్లీ పెట్టండి. జాకీ ఎత్తడానికే. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి తల కూడా పెట్టొద్దు.

తర్వాత స్ప్రింగ్.

కాయిల్ స్ప్రింగ్ ఆర్మ్ మీద కూర్చుని ఉంటే బాల్ జాయింట్ లేదా ఆర్మ్ బోల్టు వదిలిన క్షణంలో ఆ బలమంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. మీ మోడల్‌కి పనికొచ్చే స్ప్రింగ్ కంప్రెసర్‌తో నొక్కి పట్టాకే బోల్టు ముట్టుకోండి. ఆర్మ్ కొస కింద జాకీ పెట్టి మెల్లగా దించే పద్ధతి మాన్యువల్‌లో ఉంటే, స్ప్రింగ్ గుండా ఒక గొలుసు పోనిచ్చి చాసిస్‌కి కట్టండి. స్ప్రింగ్ దూకే దారిలో మొహం, మోకాలు ఉండకూడదు.

టార్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగ్‌లా పనిచేసే కడ్డీ) ఉంటే సర్దుబాటు బోల్టు ఎన్ని చుట్లు బిగిసి ఉందో గుర్తు పెట్టి, దాని బలం పూర్తిగా వదిలించాకే ఆర్మ్ దగ్గరికి వెళ్లండి.

లీఫ్ స్ప్రింగ్ ఉంటే ఇరుసుకి విడిగా ఆధారం ఇవ్వండి.

ఈ మెట్టు మీద ఏమాత్రం అనుమానమున్నా ఆర్మ్ విప్పే పని వరకు అనుభవమున్న మెకానిక్‌తో చేయించుకోండి. బుష్ తీయడం తర్వాత మీరే చేసుకోవచ్చు. నేనూ మొదటి కాయిల్ స్ప్రింగ్ అలాగే విప్పించాను.

బ్రేక్ క్యాలిపర్ గానీ డ్రమ్ గానీ విప్పాల్సి వస్తే తీగతో చాసిస్‌కి వేలాడదీయండి. దాని బరువు బ్రేక్ గొట్టం మీద పడకూడదు.

## 6. బోల్టు లోపలి గొట్టంలో పట్టేస్తే

నట్టు ఊడింది, బోల్టు మాత్రం రావడం లేదు. తల తిప్పితే రబ్బరు కూడా మెలితిరుగుతోంది. అంటే బోల్టు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయింది.

ముందు ఆయిల్ కొట్టి, తలని ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెం తిప్పుతూ ఉండండి. తర్వాత నట్టుని బోల్టు కొసతో సమంగా ఉండేలా ఎక్కించి దాని మీద కొట్టి చూడండి. నట్టు లేకుండా కొడితే బోల్టు కొస పూవులా విచ్చుకుని ఆ రంధ్రంలో ఇక పట్టదు.

అప్పటికీ రాకపోతే కోయడమే. ఆర్మ్‌కీ చాసిస్ బ్రాకెట్‌కీ మధ్య సందులో హ్యాక్సా బ్లేడు దూర్చి, రెండు పక్కలా బోల్టుతో పాటు లోపలి గొట్టాన్నీ కోసేయండి. బుష్ ఎలాగూ పారేసేదే, బోల్టు కొత్తది వేసుకోవచ్చు. బ్రాకెట్‌కి గాటు పడకుండా చూసుకుంటే చాలు.

## 7. ఆర్మ్ బల్ల మీదికి వచ్చాక

మట్టి, పాత గ్రీజు కడిగేసి ఆర్మ్‌ని వెలుతురులో తిప్పి చూడండి. పగుళ్లు, తుప్పు తిన్న పలచని చోట్లు, గుంటలు ఉన్నాయా? అతుకు దగ్గర పగులుంటే ఆ ఆర్మ్‌లో కొత్త బుష్ వేయకండి. వేరే ఆర్మ్ చూసుకోండి.

ఆధారం సంగతికి వద్దాం. రేకు వంచి చేసిన ఆర్మ్‌లో బుష్ తరచు రెండు చెవుల (రంధ్రమున్న రేకు పలకల) గుండా వెళ్తుంది. ఒక చెవి మీద నొక్కితే రెండూ దగ్గరికి వంగిపోతాయి. నా మొదటి ఆర్మ్‌కి అదే జరిగింది. బుష్ బయటికొచ్చిందని సంబరపడ్డాను, కొత్తది పెట్టబోతే రెండు రంధ్రాలూ ఒక వరసలో లేవు.

మందు తేలికే. రెండు చెవుల మధ్య దూరం కొలిచి, సరిగ్గా అంతే పొడవున్న మందపాటి గొట్టం ముక్క కోసి, నిలువునా సగానికి చీల్చి, ఆ సగాన్ని బుష్ చుట్టూ చెవుల మధ్య ఇరికించండి. చేత్తో నెడితే బిగువుగా నిలబడాలి. వదులుగా ఉంటే ఆ తేడా మేరకు చెవి వంగుతుంది.

## 8. బుష్‌ని తోసేయడం

మూడు వస్తువుల సైజులు కుదరాలి.

తోసే ముక్క. బుష్ బయటి తొడుగు కన్నా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు తక్కువ వ్యాసం. పాత సాకెట్ బాగా పనికొస్తుంది. ఇది తొడుగు అంచు మీదే ఆనాలి. రబ్బరు మీద ఆనితే రబ్బరు సాగుతుంది, తొడుగు కదలదు. సుత్తితో అలసిపోయిన చాలామంది లోపలి గొట్టాన్ని కొడుతున్నవాళ్లే.

పట్టే గిన్నె. బుష్ వచ్చి పడే గొట్టం. లోపలి వ్యాసం తొడుగు కన్నా 2, 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, లోతు బుష్ పొడవుకి మించి ఉండాలి. అంచు నున్నగా, చదునుగా కోసి ఉండాలి. వంకర అంచు ఆర్మ్‌ని వంకరగా లాగుతుంది.

రాడ్. ఈ వరసలో గుచ్చండి: నట్టు, థ్రస్ట్ బేరింగ్, మందపాటి వాషరు, తోసే ముక్క, ఆర్మ్‌లో ఉన్న బుష్, పట్టే గిన్నె, మందపాటి వాషరు, నట్టు.

బుష్‌కి ఒక పక్క పెదవి లాంటి అంచు ఉందేమో చూశారా? ఉంటే పెదవి ఉన్న పక్కే బయటికి రావాలి. పట్టే గిన్నె ఆ పెదవిని కూడా మింగేంత వెడల్పు ఉండాలి. దిక్కు తప్పి బిగిస్తే ఆర్మ్ చిరిగినా ఆశ్చర్యం లేదు.

ఇక వరసగా:

1. రాడ్ మరలకు గ్రీజు బాగా పట్టించండి. పొడి మరలు వేడెక్కి పట్టేస్తాయి.
2. తొడుగుకీ ఆర్మ్‌కీ మధ్య సందులో ఆయిల్ కొట్టి పావుగంట ఆగండి.
3. నట్లు చేత్తో బిగించి, తోసే ముక్క తొడుగు మధ్యలో ఉందో లేదో చుట్టూ చూడండి.
4. ఒక నట్టుని పానాతో పట్టుకుని, బేరింగ్ ఉన్న పక్క నట్టు తిప్పండి.
5. బిగువు పెరుగుతూ పోయి ఒక్కసారి "టక్" మంటుంది. అది తుప్పు విడిన చప్పుడు. ఆగి, ముక్కలు పక్కకు జరిగాయేమో చూసి మళ్లీ తిప్పండి.

ఎం12 (12 మిల్లీమీటర్ల లావు) రాడ్‌కి ఒక చుట్టుకు 1.75 మిల్లీమీటర్లు కదులుతుంది. 50 మిల్లీమీటర్ల బుష్‌కి దాదాపు 29 చుట్లు. ఓపిగ్గా తిప్పండి.

"టక్" రాకుండా వాషరు గిన్నెలా వంగుతున్నా, రాడ్ మెలితిరుగుతున్నా వదులు చేసేయండి. ఆయిల్ మళ్లీ కొట్టి, హీట్ గన్‌తో ఆర్మ్ రంధ్రం చుట్టూ బయటి పక్క వేడి చేయండి. అల్యూమినియం ఆర్మ్‌కి ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 40 మిల్లీమీటర్ల రంధ్రం 80 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.07 మిల్లీమీటర్లు పెరుగుతుంది, లోపలి ఇనుప తొడుగు అందులో సగమే. ఇనుప ఆర్మ్‌లో ఈ లాభం తక్కువ. వేడి లోపలికి పాకేలోపే బిగించాలి.

రబ్బరు పొగ రావడం మొదలైతే ఆపేయండి. టార్చ్ మంటతో రబ్బరు కాల్చేసే పద్ధతి చాలామంది చెబుతారు. పొగ విషం, కరిగిన రబ్బరు చర్మానికి అంటుకుంటుంది, పైగా ఆర్మ్ ఎంత వేడెక్కిందో మనకు తెలియదు. నేను చేయను.

రాడ్ బదులు బెంచ్ వైస్ దవడల మధ్య అవే ముక్కలు పెట్టి నొక్కొచ్చు. చిన్న బుష్‌లకు సరిపోతుంది. పెద్దవాటికి వైస్ పగిలే ప్రమాదం ఉంది.

## 9. అయినా రాకపోతే తొడుగు కోయడం

ముందు రబ్బరు తీసేయాలి. 5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో లోపలి గొట్టం చుట్టూ రబ్బరులో దగ్గర దగ్గరగా రంధ్రాలు వేయండి. డ్రిల్ నెమ్మదిగా తిప్పండి. రబ్బరు బిట్‌ని పట్టేసి లాగుతుంది, ఆర్మ్ వైస్‌లో గట్టిగా బిగించి ఉండాలి. చుట్టూ అయ్యాక లోపలి గొట్టం తోస్తే రబ్బరుతో సహా వస్తుంది.

ఇప్పుడు హ్యాక్సా బ్లేడు విప్పి, రంధ్రం గుండా దూర్చి, మళ్లీ ఫ్రేముకి బిగించండి. తొడుగుని లోపలి నుంచి పొడవునా కోయండి. తొడుగు మామూలుగా 2 మిల్లీమీటర్ల లోపు మందమే, అందుకని నాలుగైదు లాగులకొకసారి ఆగి చూస్తూ ఉండండి. పూర్తిగా తెగే ముందే ఆపేయడం మంచిది. ఒక సన్నని పొర మిగిలినా ఉలి దెబ్బకు విరుగుతుంది, ఆర్మ్‌లో పడ్డ గాటు మాత్రం పూడదు.

10 మిల్లీమీటర్ల దూరంలో రెండో కోత పెట్టండి. సన్నని ఉలిని తొడుగుకీ ఆర్మ్‌కీ మధ్య దూర్చి ఆ పట్టీని లోపలికి మడవండి. అది ఊడాక మిగతా తొడుగు బిగువు వదిలి, చిన్న దెబ్బకే జారిపోతుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

## 10. రంధ్రం శుభ్రం చేసి కొలవడం

వైర్ బ్రష్‌తో తుప్పు రాల్చి, 240 నంబరు ఎమెరీ కాగితంతో తేలిగ్గా రుద్దండి. మెరిసేదాకా రుద్దితే రంధ్రం పెద్దదవుతుంది. ఉలి లేపిన ముళ్లు ఉంటే ఆకురాయితో తీసేయండి.

కాలిపర్‌తో మూడు దిక్కుల్లో కొలవండి. కొత్త బుష్ తొడుగు రంధ్రం కన్నా రవ్వంత పెద్దదిగా ఉండాలి. చేత్తో నెడితే దూరిపోయే బుష్ నడుస్తుంటే జారిపోతుంది. జిగురు పెట్టి సరిపెట్టకండి.

## 11. కొత్తది ఎక్కించి బిగించడం

అదే రాడ్, అవే ముక్కలు, తొడుగు అంచు మీదే ఒత్తిడి. బుష్‌ని ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెడితే కొంచెం సాయం అవుతుంది. సబ్బు నీళ్లు రాసి, మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు నిటారుగా వెళ్లేలా చూడండి. రబ్బరుకి మామూలు గ్రీజు, ఆయిల్ తగలనివ్వద్దు. పాలీయూరిథేన్‌కి కిట్‌తో వచ్చిన గ్రీజే వాడండి. రబ్బరులో ఖాళీలు, తొడుగు మీద గీతలు ఉంటే పాతది ఏ దిక్కున ఉందో ఫొటో చూసి పెట్టండి.

బోల్టు బిగింపులో ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. రబ్బరు బుష్ బేరింగ్‌లా తిరగదు. లోపలి గొట్టం బ్రాకెట్‌లో కదలకుండా బిగిసి ఉంటే, రబ్బరు మెలితిరిగి ఆర్మ్‌ని ఊగనిస్తుంది. ఆర్మ్ కిందికి వేలాడుతుండగా బిగించారనుకోండి. బండి నేల మీదికి రాగానే రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఉండిపోతుంది, కొన్ని నెలల్లోనే చిరుగుతుంది.

అందుకే బోల్టులు చేత్తో మాత్రమే ఎక్కించి ఉంచి, ఆర్మ్ కొస కింద జాకీ పెట్టి మెల్లగా ఎత్తండి. చక్రం కూర్చునే హబ్ నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ దాకా దూరం, మీరు మొదట రాసుకున్న అంకెకు వచ్చిందా? అక్కడ ఆపి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించండి. ఎత్తేటప్పుడు బండి స్టాండ్ మీద నుంచి లేవకూడదు. లేస్తుంటే చక్రాలు వేసి నేల మీదికి దించాకే బిగించుకోండి. నైలాన్ ఉన్న నట్లు మాత్రం కొత్తవే వాడండి.

## 12. ఇలా అయితే ఏం చేయాలి

కొత్త బుష్ వంకరగా దూరింది. ఇంకా నొక్కకండి. వెనక్కి తీసి, రంధ్రం అంచు చూసి మళ్లీ మొదలుపెట్టండి.

చెవులు వంగిపోయాయి. రెండింటి మధ్య పొడవాటి బోల్టు, రెండు నట్లు పెట్టి నట్లు బయటికి తిప్పుతూ మెల్లగా విడదీయొచ్చు. తర్వాత పగులు వచ్చిందేమో వెతకండి.

రంధ్రంలో గాటు పడింది. గోరుకు తట్టీ తట్టనంత గీత ఫరవాలేదు. లోతుగా, పొడవునా ఉంటే వెల్డింగ్ తెలిసినవాళ్లకు చూపించండి లేదా ఆర్మ్ మార్చండి.

ఒక పక్కే మార్చారు. రెండో పక్కా మార్చేదాకా బండి బ్రేక్‌లో లాగుతూనే ఉండొచ్చు. ముందు, వెనక ఇరుసుల్లో ఏదైనా సరే, జతగా మార్చండి.

బిగించాక కీచుమంటోంది. పాలీయూరిథేన్ అయితే గ్రీజు చాల్లేదు. రబ్బరు అయితే బోల్టు వదులుగా ఉంది, లోపలి గొట్టం బ్రాకెట్‌లో తిరుగుతోంది.

బండి దించాక మొట్టమొదట వీల్ అలైన్‌మెంట్ చేయించండి. షిమ్‌లు అన్నీ యథాస్థానంలో పెట్టినా సరే. 100 కిలోమీటర్లు తిరిగాక బండి నేల మీద నిలబడి ఉండగానే ప్రతి బోల్టుకీ టార్క్ రెంచ్ పెట్టి చూడండి. ఏదైనా తిరిగితే దాన్ని మార్కర్‌తో గీసి, మరో వారం ఆగి మళ్లీ చూడండి.